హెల్మెట్లు పూజలో ఉన్న రోజు

మీ హెల్మెట్ ఇప్పుడు ఎక్కడ ఉంది? తలమీద ఉందా అని అడగడం లేదు, చదువుకునేటప్పుడు ఎవరూ హెల్మెట్ పెట్టుకోరు. బండి అద్దానికి వేలాడుతోందా, అటక మీద ఉందా, పోలీసులు నిలబడే సర్కిల్ దాకా పెట్రోలు ట్యాంకు మీద కూర్చొని ప్రయాణం చేస్తోందా? పోయిన దసరాకు దానికి పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా ఉందా? జవాబు నాకు చెప్పనక్కర్లేదు. మీకు మీరు చెప్పుకోండి.

ఒక చెవి మూలంగా నేనీ ప్రశ్న అడుగుతున్నాను. అది నా చెవి కాదు. తొంభైల చివర్లో మదనపల్లెలో నేను పాఠం చెప్పిన ఒక విద్యార్థి కుడి చెవి. అది ఎలా పోయిందో నాకు బాగా తెలుసని చాలా ఏళ్లు అనుకున్నాను. హేతువాద సభల్లో చెప్పాను, వ్యాసాల్లో రాశాను. ఇప్పుడు మళ్లీ మొదటినుంచి చెప్పబోతే ఒక్కో మెట్టు దగ్గరా కాలు తడబడుతోంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

అప్పుడు నేనొక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ని. మదనపల్లె దగ్గర ఒక స్కూల్లో ఏడాదిపాటు పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన అమెరికా ఆయన ఒకడు, తిరిగి వెళ్లిపోతూ తన ఆట సామానంతా మా కాలేజీకి ఇచ్చేశాడు. గోనెసంచుల నిండా హెల్మెట్లు, ఒక ట్రంకుపెట్టె నిండా భుజాలకు కట్టుకునే మెత్తలు, రెండు బంతులు, ఒక పల్చటి నిబంధనల పుస్తకం. తన దేశపు ఫుట్‌బాల్ ఆ స్కూలు పిల్లలకు నేర్పాలని తెప్పించుకున్నాడట. ఆ హెల్మెట్లు పిల్లల తలలకు మరీ పెద్దవయ్యాయి. అందుకని పెద్దపిల్లలున్న చోటికి పంపాడు.

బంతి గుండ్రంగా లేదు. రెండు కొసలా సన్నగా ఉంది. మా అటెండరు దాన్ని తిప్పి తిప్పి చూసి, గాలి చాలక అలా అయిందని, సైకిల్ షాపులో కొట్టిస్తే గుండ్రమవుతుందని చంకలో పెట్టుకొని బయలుదేరాడు. గేటు దగ్గర ఆపాం.

ఆ ఏడు కాలేజీకి తనిఖీ బృందం రావలసి ఉంది. జిల్లాలో ఇంకెక్కడా లేనిది తన కాలేజీలో ఉండాలని మా ప్రిన్సిపాల్ గారి ఆరాటం. నన్నూ, వ్యాయామం చూసే పి.డి. గారినీ పిలిచి, పుస్తకం చదివి అర్థం చెప్పే పని నాకు, ఆట ఆడించే పని ఆయనకు అప్పగించాడు. ఇంగ్లీషు వచ్చినవాడికి ఇంగ్లీషులో రాసిన ప్రతిదీ వచ్చి ఉంటుందని మన ఊళ్లలో ఒక నమ్మకం. ఆడటానికి ఎదుటి జట్టు కావాలి కాబట్టి ప్రిన్సిపాల్ గారే పుంగనూరు, కుప్పం కాలేజీల్లోని తన స్నేహితులకు చెప్పి అక్కడా జట్లు పుట్టించాడు. మూడు ఊళ్లు, మూడు జట్లు. సామాను మాత్రం ఒక జట్టుకు సరిపడేదే. బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లు హెల్మెట్లు పెట్టుకోవాలని, బంతి చేయి మారగానే హెల్మెట్లు కూడా మారాలని మేమే ఒక ఒప్పందం చేసుకున్నాం. ఆడినంతసేపూ ఒకరి చెమట ఇంకొకరి తలకెక్కేది.

ఇక ఆట. పుస్తకంలో ఉన్నదాన్ని నేను మూడుసార్లు చదివాను. బంతి పట్టుకొని ముందుకు పరిగెత్తాలి, ఎదుటివాళ్లు పట్టి కింద పడేయాలి, పడిపోగానే ఆట ఆగుతుంది, అందరూ లేచి మళ్లీ వరసగా నిలబడాలి. నాలుగుసార్లలో పది గజాలు పోవాలి. ఇంతవరకు నాకు తెలిసింది. ఇది చెప్పగానే పి.డి. గారు ముఖం చిట్లించాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు కబడ్డీలో పేరు మోసిన ఆటగాడు. పట్టుబడి కింద పడినవాడు లేచి మళ్లీ అదే జట్టులో నిలబడటం ఆయనకు ఎంతకీ మింగుడుపడలేదు.

"పట్టుబడినోడు బయటికి పోకుంటే పట్టుకొని ఏం లాభం సార్?" అన్నాడు.

పుస్తకం చూపించాను. పుస్తకం రాసినవాడు కబడ్డీ చూసి ఉండడన్నాడు. అలా మా జిల్లాలో ఆ ఆటకు కొత్త నిబంధన ఒకటి వచ్చింది. కింద పడినవాడు గీత బయటికి వెళ్లి వరసగా కూర్చోవాలి. తన జట్టుకు పాయింటు వచ్చినప్పుడు ఒక్కొక్కరే లేచి లోపలికి రావాలి. ఈ నిబంధనను గుర్తు పెట్టుకోండి. ఆ రోజు పుంగనూరులో ఏం జరిగిందో ఎవరికీ వెంటనే కనబడకపోవడానికి కారణం ఇదే.

మా జట్టులో బంతి పట్టుకొని పరిగెత్తేవాడు చౌడేపల్లె దగ్గరి పల్లె నుంచి వచ్చిన కుర్రవాడు. ఇంట్లో పాడి ఆవులున్నాయి. మదనపల్లెలో గది తీసుకొని చదువుకుంటూ, తెల్లవారకముందే తిరుపతి రోడ్డున పరుగెత్తేవాడు. అతనికి కావలసింది ఒక్కటే, మిలిటరీలో చేరడం. దసరా దాటాక సెలక్షన్లున్నాయి. నా దగ్గరికి సాయంత్రాలు ఇంగ్లీషు మాటలు నేర్చుకోవడానికి వచ్చేవాడు. ఈ మొరటు ఆటలో చేయో కాలో విరిగితే సెలక్షన్లు పోతాయని, జట్టు నుంచి తప్పుకోమని ఒకసారి చెప్పాను. అతను హెల్మెట్ మీద వేలితో కొట్టి చూపించాడు.

"ఇది ఉండాది గదా సార్. బండ మీద పడినా ఏం కాదు."

అంతగా దాన్ని నమ్మాడు. గదికి తీసుకుపోయి తుడిచి తెచ్చేవాడు. లోపలి పట్టీ తెగితే చెప్పులు కుట్టే ఆయన దగ్గర తనే కుట్టించాడు.

మొదటి ఆట కుప్పంలో. పలమనేరు మీదుగా బస్సులో పోయాం, హెల్మెట్ల మూటలు బస్సు పైన వేసుకొని. అక్కడి పి.డి. వాలీబాల్ మనిషి. పాయింటు పడినప్పుడల్లా ఆటగాళ్లందరినీ చుట్టూ ఒక్కో స్థానం జరిపాడు. ఎందుకని అడిగితే, ఒకే చోట నిలబడితే ఆట ఎలా అవుతుందని నన్నే ఎదురు అడిగాడు. తెలుగు, తమిళం, కన్నడం మూడు భాషల్లో కేకలు వేస్తూ జనం చూశారు. మావాళ్లు భుజాలకు మెత్తలు కట్టుకుంటుంటే పక్కన నిలబడ్డ ఒక రైతు నాతో, "ఇదేం ఆటప్పా, దెబ్బ తగలక ముందే కట్టు కట్టుకుంటాండారు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఏడంతా ఆ ఆట గురించి నేను విన్న మాటల్లో సరైనది అదొక్కటే అని తర్వాత అర్థమైంది. చివరికి ఎవరు గెలిచారో తేలలేదు. మేం గెలిచామనుకొని మేం బస్సెక్కాం, వాళ్లు గెలిచామనుకొని వాళ్లు మైదానంలో ఈలలు వేశారు.

రెండో ఆట మా మైదానంలో, మళ్లీ కుప్పం వాళ్లతోనే. అందులో ఓడిపోయామని అందరూ ఒప్పుకున్నారు. ఎందుకు ఓడిపోయామో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. చివర్లో మైదానంలో మావాళ్లు ఇద్దరే మిగిలారు, మిగతావాళ్లంతా గీత బయట వరసగా కూర్చొని ఉన్నారు. మూడో ఆట పుంగనూరులో, విజయదశమి రోజు ఉదయం. సెలవు కాబట్టి జనం వస్తారని అక్కడివాళ్లు పట్టుబట్టారు.

ఇప్పుడు దసరా దగ్గరికి వచ్చాం. మా వైపు నవమినాడు ఆయుధపూజ ఎలా చేస్తారో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. వడ్రంగి ఉలి నుంచి లారీ స్టీరింగు దాకా, చేతికి అన్నం పెట్టే ప్రతి వస్తువునూ కడిగి, బొట్టు పెట్టి, పూజలో ఉంచుతారు. మరునాడు పురోహితం చేసే అయ్యవారు చెప్పిన వేళకు మళ్లీ పూజ చేసి తీసేదాకా దాన్ని ముట్టరు. వస్తువుకు ఒక రోజు విశ్రాంతి ఇవ్వడంలో నాకేమీ అభ్యంతరం లేదు. మనిషికి ఇస్తే ఇంకా సంతోషిస్తాను.

నవమి సాయంత్రం నేను ఆటల గదికి వెళ్లేసరికి పూజ అయిపోయింది. క్రికెట్ బ్యాట్లు, వాలీబాల్ వల, ఈటెలు గోడకు ఆనించి ఉన్నాయి. వాటి ముందు చాప మీద హెల్మెట్లు వరసగా, ఒక్కోదానికీ నుదుటి దగ్గర పసుపూ కుంకుమా, మధ్యలో కోసిన గుమ్మడికాయ. మెత్తల ట్రంకుపెట్టెకు కూడా పూలమాల. ముఖాలు లేని మనుషులు బారులు తీరి కూర్చున్నట్టు కనిపించాయి. మరునాడు తీసే వేళ మధ్యాహ్నం దాటాక అని అయ్యవారు చెప్పి వెళ్లాడట. ఆట పొద్దున్నే.

నేను వాదానికి దిగాను. అందులో నాకు శిక్షణ ఉంది. వాల్మీకిపురంలో హైస్కూల్లో చదివేటప్పుడు మా తెలుగు మాస్టారు ఆదివారం సాయంత్రాలు వాదసభ నడిపేవాడు. జాతకాలు, మైల, వితంతు వివాహం, అన్నీ అక్కడ నలిగేవి. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పగలిగిన తర్వాతే దాన్ని ఖండించాలని ఆయన నియమం. ఆ నియమం ప్రకారం ఆ సాయంత్రం పి.డి. గారి వాదం నేనే చెప్పాను. ఇన్నేళ్లుగా పూజ చేస్తున్నారు, ఆయన జట్టులో ఒక్కరికీ ఎముక విరగలేదు. పూజ మధ్యలో తీస్తే ఆటగాళ్లకు గుండె బెదురుతుంది, బెదిరినవాడికి దెబ్బ తగులుతుంది. పుంగనూరు వాళ్లకూ హెల్మెట్లు ఉండవు కాబట్టి అన్యాయం లేదు. ఇంతకంటే బాగా తను కూడా చెప్పలేనని ఆయన ఒప్పుకున్నాడు.

తర్వాత ఖండించాను. రెండు బంతులుంటే పూజలో ఒకటే ఉంది, రెండోది ఏదని అడిగాను. ప్రాక్టీసు ఆగిపోతుందని, రేపు ఆటకు కావాలని, రెండో బంతిని ఆయనే ముందుగా బయట పెట్టాడు. బంతి కోసం దొరికిన వెసులుబాటు తలల కోసం ఎందుకు దొరకలేదని అడిగాను. బంతి లేకుంటే ఆట లేదన్నాడు. తల లేకుంటే ఉందా అన్నాను. గదిలో ఉన్న కుర్రవాళ్లు నవ్వారు. వాదసభలో అయితే అక్కడితో నేను గెలిచినట్టే.

ప్రిన్సిపాల్ గారికి చెప్పాను. పండుగపూట గొడవ వద్దు, రెండు వైపులా ఒట్టి తలలే కదా అన్నాడు. అప్పుడు తల ఎవరిదో వాళ్లనే అడగాలనిపించింది. చౌడేపల్లె కుర్రవాడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. రేపు అందరికంటే ఎక్కువ దెబ్బలు తినేది నువ్వు, సెలక్షన్లు నీవి, తల నీది, నువ్వేమంటావని అడిగాను.

అతను చాలాసేపు హెల్మెట్ల వైపు చూశాడు. తనది ఏదో అతనికి తెలుసు, పట్టీ కుట్టించినది.

"పూజలో పెట్టింది తీస్తే నాకు మనసు నిలవదు సార్. మనసు నిలవకుంటే పరుగు రాదు."

దానికి నా దగ్గర ఖండన లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మనిషి తన తల గురించి తనే నిర్ణయించుకోవాలని ఇరవై ఏళ్లుగా అరుస్తున్నవాణ్ణి నేనే. అతను నిర్ణయించుకున్నాడు. నేను చెప్పగలిగిన చివరి మాటగా, అయితే రేపు ఆడొద్దన్నాను. జట్టంతా తన మీద ఆశ పెట్టుకుందని నెమ్మదిగా చెప్పి వెళ్లిపోయాడు.

మరునాడు ఒక బంతి పట్టుకొని పుంగనూరు పోయాం. ఎండ ఇంకా ముదరలేదు. మైదానం చుట్టూ కొత్తబట్టలు కట్టుకున్న జనం. ఐస్ అమ్మేవాడు పెట్టె మోగిస్తున్నాడు. రెండు వైపులా ఒట్టి తలలు, నూనె రాసి దువ్వుకున్న పండుగ తలలు. హెల్మెట్లు మార్చుకునే పని లేకపోయేసరికి ఆట ముందెన్నడూ లేనంత వేగంగా సాగింది. జనానికి నచ్చింది. పి.డి. గారు నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆట మొదటిసారి ఆటలా కనిపించింది.

కుర్రవాడు రెండుసార్లు బంతితో ఎదుటివాళ్ల చివరి గీత దాటి వచ్చాడు. మూడోసారి ఇద్దరు నడుం పట్టుకుంటే ముందుకు తూలాడు, ఎదురుగా దూకి వస్తున్న పుంగనూరు కుర్రవాడి మోకాలు అతని చెవి మీద తగిలింది. కింద పడ్డాడు. పి.డి. గారు అలవాటుగా ఈల వేసి, చేత్తో బయటికి దారి చూపించాడు. అతను లేచాడు. తనంతట తానే నడిచి గీత దాటాడు. అక్కడ కూర్చొని ఉన్నవాళ్ల వరస చివర కూర్చున్నాడు. మోకాళ్లు మడిచి, ఎడమ చెంప మోకాలికి ఆనించుకున్నాడు. పడినవాడు బయటికి పోయి కూర్చోవాలన్నది మా నిబంధన కదా. నిబంధన ప్రకారం జరిగిందాన్ని ఎవరు అనుమానిస్తారు? అలా కూర్చున్నవాళ్లు అప్పటికే అయిదారుగురు ఉన్నారు.

కాసేపటికి మాకు పాయింటు వచ్చింది, తర్వాత ఇంకొకటి. ఒక్కొక్కరే లేచి లోపలికి పోయారు. అతని వంతు వచ్చింది. పిలిచారు. లేవలేదు. పేరు పెట్టి అరిచారు. అలాగే కూర్చున్నాడు. పొగరెక్కిందని లోపల ఎవరో తిట్టారు. నేను లేచి వెళ్లి అతని కుడి పక్కన నిలబడి పిలిచాను. తల తిప్పలేదు. భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి చూశాడు.

"ఈల ఇంకా మోగుతానే ఉండాది సార్. ఆపమని చెప్పండి," అన్నాడు.

ఎవరూ ఈల వేయడం లేదు.

పుంగనూరులో ఒక డాక్టరు చూసి, చెవి లోపలి పొర చిరిగినట్టుందని, మానొచ్చని చెప్పాడు. ఆ రోజు సాయంత్రం మేం మదనపల్లె చేరేసరికి వేళ దాటింది కాబట్టి అటెండరు హెల్మెట్లకు మళ్లీ హారతి ఇచ్చి, చాప మీది నుంచి తీసి, తుడిచి, గోనెసంచుల్లో పెట్టి ఉన్నాడు.

చెవి మానలేదు. సెలక్షన్లకు అతను వెళ్లాడు. ఒక చెవి మూసి, వెనక నిలబడి గుసగుసగా ఒక మాట చెబుతారట, విని తిరిగి చెప్పాలి. తిరిగొచ్చి మా ఇంటి మెట్ల మీద కూర్చొని, "పరుగులో నేనే ముందుండాను సార్. చెవి కాడ నిలిపేసినారు," అన్నాడు. నేర్చుకున్న ఇంగ్లీషు మాటలు ఇక అవసరం లేదు కాబట్టి మర్నాటి నుంచి సాయంత్రాలు రాలేదు.

నా కోపానికి హద్దు లేకపోయింది. అతని ఇంటికి వెళ్లాను. పూజ చేసింది హెల్మెట్‌కు, దెబ్బ తగిలింది తలకు అని వాళ్లమ్మకు వివరించి చెప్పాలని దారిపొడుగునా మాటలు పేర్చుకున్నాను. ఆమె పాలు పితుకుతూ ఉండి, చేతులు కడుక్కొని వచ్చి, లోటా నిండా మజ్జిగ ఇచ్చి, నేను నోరు తెరవకముందే అంది.

"పూజ చేసిండారు కాబట్టి చెవితో పోయింది సార్. ల్యాకుంటే నా బిడ్డ తల పొయ్యిండేది."

నేను మజ్జిగ తాగాను. వాదసభ నియమం గుర్తొచ్చింది. ఆమె వాదాన్ని ఆమెకంటే బాగా చెప్పడానికి ప్రయత్నించాను, మనసులోనే. చెప్పలేకపోయాను. అది వాదం కాదు. కొడుకు బతికి ఉన్నందుకు పట్టుకున్న ఊతకర్ర. దాన్ని లాగేస్తే నేను సాధించేదేమిటో ఆ అరుగు మీద కూర్చొని ఎంత ఆలోచించినా తట్టలేదు.

కనీసం సైన్సు నా పక్షాన ఉంటుందనుకున్నాను. అతన్ని తిరుపతిలో చెవి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. చిన్నప్పుడు చెవి కారేదా అని డాక్టరు అడిగాడు. బావిలో ఈత కొట్టినప్పుడల్లా కారేదని అతను చెప్పాడు. అయితే ఇది పాతదో కొత్తదో, రెండూ కలిసినదో తేల్చలేనన్నాడు డాక్టరు. హెల్మెట్ ఉంటే దెబ్బ ఆగేదా అని అడిగాను. ఆ హెల్మెట్ ఎలా ఉంటుందో తను చూడలేదు కదా అన్నాడు. తర్వాతిసారి అతని హెల్మెట్‌నే సంచిలో పెట్టుకొని నేనొక్కణ్ణే బస్సెక్కాను. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గరున్న రంధ్రంలో వేలు పెట్టాడు.

"రంధ్రం సరిగ్గా చెవి మీదే ఉందే," అన్నాడు.

అందులోంచి మోకాలు దూరదు కదా అన్నాను. దూరదని ఒప్పుకున్నాడు. కానీ, అని ఏదో మొదలుపెట్టి, బయట రోగులు చాలామంది ఉన్నారని లేచాడు. ఆ 'కానీ' తర్వాత ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. తిరుగు బస్సులో హెల్మెట్ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. నుదుటి దగ్గర గీసుకుపోయిన గీతల్లో కుంకుమ ఇంకా ఎర్రగా ఉంది. ఎంత తుడిచినా పోలేదు.

మరుసటి ఏడు ఆ ఆట లేదు. తనిఖీ బృందం వచ్చి, క్రికెట్ పిచ్ చూసి వెళ్లింది. ప్రిన్సిపాల్ గారు బదిలీ అయ్యాడు. దసరాకు ఆటల గదికి వెళితే, చాప మీద బ్యాట్లు, ఈటెలు, వల, రెండు బంతులు పూజలో ఉన్నాయి. హెల్మెట్లు లేవు. గోడకు మేకులు కొట్టి, వరసగా తగిలించి ఉన్నాయి, ఒక్కదానికీ బొట్టు లేదు. పి.డి. గారిని చూశాను. ఆయన అగరుబత్తీలు వెలిగిస్తూ, "మరిసిపోయినా సార్," అన్నాడు. అన్ని మేకులు కొట్టినవాడు మరిచిపోయాడంటే నమ్మడం కష్టం. కానీ అప్పటికి వాటిని పెట్టుకునే తలలే లేవు. నేను గెలిచానా? ఎవరి మీద?

ఏళ్లు గడిచాయి. రెండువేల సంవత్సరం దాటాక, మా వైపు రోడ్లన్నీ మోటారు సైకిళ్లతో నిండిపోయాక, ఒకరోజు పుంగనూరు బస్టాండు బయట ఎవరో నా చెయ్యి పట్టుకున్నారు. ఆ కుర్రవాడే. బొజ్జ వచ్చింది, మీసం వచ్చింది. పాలకేంద్రం నడుపుతున్నాడు. నేను మాట్లాడబోతే ఒక అడుగు జరిగి ఎడమ చెవి నా వైపు తిప్పాడు. అది ఎంత అలవాటైపోయిందంటే అతను చేసినట్టే తెలియలేదు. పక్కన అతని బండి, పెట్రోలు ట్యాంకు మీద నాలుగేళ్ల కూతురు. బండి అద్దానికి హెల్మెట్ వేలాడుతోంది. దానికి పసుపు దారంతో కట్టిన నిమ్మకాయ, ఎండి నల్లబడింది. దసరా వెళ్లి చాలా రోజులైంది.

ఇది పెట్టుకోవా అని అడిగాను.

"పూజ చేసింది గదా సార్, నిమ్మకాయ ఉండాది. పోలీసోళ్లు ఉంటే పెట్టుకుంటా."

నేను వాదానికి దిగలేదు. వాదించే ఓపిక లేక కాదు. అతనికి అన్నీ తెలుసు. ఆ రోజు అక్కడున్న అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు. తెలిసినవాడికి ఏం చెప్పాలి? నిమ్మకాయ తీసేయనా అని మాత్రం అడిగాను. నవ్వాడు.

"తీస్తే మీకు తగుల్తాది సార్, నాకేం."

తగలనీ అన్నాను. దారం విప్పి, నిమ్మకాయను చొక్కా జేబులో వేసుకున్నాను. అతను హెల్మెట్ చేతిలోకి తీసుకొని, లోపల ఊది, దుమ్ము తుడిచాడు. పెట్టుకుంటాడనే అనుకున్నాను. దాన్ని కూతురి తలకు పెట్టాడు. అది ఆమె ముక్కు దాకా దిగిపోయింది. లోపలినుంచి ఆ పిల్ల కిలకిలా నవ్వింది. పట్టీ బిగించబోతే బిగుతు రాలేదు, ఆమె గడ్డం అంత చిన్నది. ఎడమ చేత్తో హెల్మెట్ జారకుండా పట్టుకొని, కుడి చేత్తో బండి నడుపుతూ, ఒట్టి తలతో చౌడేపల్లె రోడ్డున వెళ్లిపోయాడు. వెనకనుంచి వచ్చిన లారీ హారన్ కొట్టింది. అది అతని కుడి వైపు నుంచి వచ్చింది. అతను పక్కకు తప్పుకోలేదు. లారీయే తప్పుకొని పోయింది.

నేను చాలాసేపు అక్కడే నిలబడ్డాను. అతను నా మాట విన్నట్టా, విననట్టా? ఆ హెల్మెట్ సరైన తల మీదికే వెళ్లిందా? పిల్ల కళ్లు మూసిన హెల్మెట్ పిల్లను కాపాడుతుందా? ఆ రోజు పుంగనూరులో హెల్మెట్ ఉంటే చెవి దక్కేదా? నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడని వాళ్లలో ఉండాలనే కదా నేను ఈ దారి పట్టింది. కానీ ఒక్కటి తెలుసు. చాప మీద ఉన్న హెల్మెట్ ఏ చెవినీ కాపాడలేదు. అద్దానికి వేలాడేది ఏ తలనూ కాపాడదు. ఈ మాటకు మాత్రం ఇంతవరకు ఏ డాక్టరూ నాతో 'కానీ' అనలేదు.

కాబట్టి మీ పూజ మీరు చేసుకోండి, నాతో వాదానికి రావద్దు, నాకు అంత ఓపిక లేదు. ఇది చదవడం అయిపోగానే లేచి బండి దగ్గరికి వెళ్లండి. నిమ్మకాయ ఉంటే విప్పండి. తగిలేది ఏదైనా ఉంటే నాకే తగలనివ్వండి, మొదటి నిమ్మకాయ ఇంకా నా దగ్గరే ఉంది, నాకేమీ కాలేదు. హెల్మెట్ తలకు పెట్టుకోండి, పట్టీ బిగించండి. ముందు కూర్చునే పిల్ల ఉంటే ఆమె తలకు సరిపోయేది ఇంకొకటి ఈరోజే కొనండి. మీది ఆమెకు పెట్టి మీరు ఒట్టి తలతో పోవద్దు. వెళ్లండి.